నిదానపు చీటీలు

బెంగుళూరు అన్న పేరు చెవిన పడితే చాలు, హొన్నూరమ్మ దాన్ని దాటేసి వేరే మాట ఎత్తుతుంది. ఆ ఊరు ఆమెకు ప్రత్యేకంగా చేసిన అపకారం ఏమీ లేదు. ఆమె దగ్గర నుంచి వెళ్ళినవాళ్ళు ఎక్కువమంది అటే వెళ్ళారు, అంతే. వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో ఆమె చెల్లెలూ, చెల్లెలి మొగుడూ గోడల పనికని మూట కట్టుకుంటూ, ఇంకా సరిగ్గా మాటలు రాని కూతుర్ని ఈమె ఒళ్ళో కూర్చోబెట్టారు. "కాయలు పెరికే పొద్దుకు వచ్చేస్తాంలేక్కా" అన్నారు. ఏ ఏటి కాయలో చెప్పలేదు. హొన్నూరమ్మ మొగుడు నరసింహప్ప మాత్రం బెంగుళూరు వైపు పోలేదు. గొర్రెలను తోలుకుని మేత కోసం తుంగభద్ర కాలువల మీదికి పోయి, అక్కడ చలిజ్వరం తగిలి పోయాడు. గొర్రెలు మాత్రం ఇంటికి వచ్చాయి.

చివరికి ఆమెకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. పేరు లక్ష్మీదేవమ్మ. పిల్లకు లెక్కలు బాగా వస్తాయని బడి మేష్ట్రు చెప్పడమే తప్పయింది. అరసికెరె బడి అయిపోయాక పావగడ హాస్టలు, అది అయిపోయాక తుమకూరు కాలేజు, అదీ అయిపోయాక బెంగుళూరే. అక్కడ కంప్యూటర్లలో పెట్టే చిప్పుల మీద ఏదో పరిశోధన. ఊళ్ళో ఎవరన్నా అడిగితే హొన్నూరమ్మ "మా పాప కరెంటు చదువు చదువుతాది" అని చెప్పేది. "అయితే మన లైను కూడా బాగుచేయమని చెప్పక్కా, దినానికి నాలుగుసార్లు పోతాండాది" అనేవాళ్ళు. అలాగే చెప్తానని ఆమె తల ఊపేది.

ఎనభై తొమ్మిదిలో, మే నెల చివర్లో, లక్ష్మీదేవమ్మ రెండు రోజుల సెలవు మీద ఊరికి వచ్చింది. విత్తనాల కోసం వేరుశనగ కాయలు ఒలిచే రోజులవి. పల్లె మొత్తం అదే చప్పుడు. ఆ ఆదివారం మధ్యాహ్నం హొన్నూరమ్మ, పక్కింటి పెద్దక్క, లక్ష్మీదేవమ్మ ముగ్గురూ నడవలో గంప చుట్టూ కూర్చుని వేళ్ళు అరిగేలా ఒలుస్తున్నారు. చేతులు వాటంతట అవే పోతుంటాయి. పగిలిందీ, పురుగు తొలిచిందీ, ముడుచుకుపోయిందీ కన్ను చూడకముందే వేలు పక్కకు నెట్టేస్తుంది. అలా ఏరిన గింజే విత్తనం.

"ఏంది పాపా, వచ్చినప్పట్నుంచీ మొగం అట్ల పెట్టుకోనుండావు?" అంది పెద్దక్క. "మీ పెద్దమ్మ రాగిముద్ద గట్టిగా చేసిందా?"

"ముద్ద బాగుండాది అత్తా. రేపటి దిగులు." లక్ష్మీదేవమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుంది. "నేను ఆడ ఉండేదీ లేనిదీ రేపటితో తేలిపోతాది."

హొన్నూరమ్మ తల ఎత్తింది. "తేలిపోవడమేంది?"

"వేరేవాళ్ళు పెద్ద మిషనులో నెల దినాలు లెక్క వేసి ఒక జవాబు తెచ్చినారు పెద్దమ్మా. అదేందో నాకు చెప్పరు. నేను చిన్న మిషనులో, ఒక్క దినంలో, అదే లెక్క వేసి దానికి దగ్గర జవాబు తేవల్ల. తెచ్చినానంటే ఇంకా రెండేండ్లు ఉంచుకుంటారు, నా చదువు పూర్తయిపోతాది. తేలేదంటే హాస్టలు ఖాళీ చేసి వచ్చేయడమే."

"వచ్చేయడమంటే యాడికి?"

"ఇంకెక్కడికి? ఈడికే."

ఈడికే అన్న మాట హొన్నూరమ్మ లోపల గప్పున దీపం వెలిగించింది. వెలిగిందని తెలిసి ఆమెకే సిగ్గేసింది. గబగబా నాలుగు కాయలు ఒలిచి, గింజలు గంపలో వేయబోయి పొట్టు వేసింది.

"అంత లెక్క దేనికి?" అంది పెద్దక్క.

లక్ష్మీదేవమ్మకు అడిగితే చాలు, చెప్పడమంటే ఇష్టం. పొట్టు పక్కకు జరిపి నేల మీద వేలితో ఒక గీత గీసింది. "చిప్పులో ఒక గడియారం కొట్టుకుంటా ఉంటాది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ నడుమ కరెంటు ఈ కొస నుంచి ఆ కొసకు చేరుకోవల్ల. దోవలో గేట్లుంటాయి."

"రైలు గేట్లా?"

"అట్లనే అనుకో. ఒక్కో గేటు దాటేదానికి రవంత సేపు పడతాది. ఒకే అచ్చులో చేసినా ఏ రెండు చిప్పులూ ఒకే తీరుగా రావు. ఒకదాంట్లో గేటు చురుకు, ఇంకోదాంట్లో అదే గేటు నిదానం. ఒకటి నిదానమైనా పక్కది చురుగ్గా ఉంటే నెట్టుకొస్తాది. అన్నీ నిదానమైనవే ఒక్క చిప్పులో కూడినాయంటే, దెబ్బ పడేలోగా కరెంటు చేరుకోలేదు. ఆ చిప్పు తప్పిపోయినట్టే. నూటికి ఎన్ని నిలుస్తాయి, ఎన్ని తప్పిపోతాయని చేయకముందే చెప్పవల్ల."

"చేయకముందే ఎట్ల చెప్తావే?"

"మిషనుకు ఒకటొకటిగా ఊహించి ఇస్తాం. మొదటి గేటు ఇంత చురుకు, రెండోది ఇంత నిదానం, మూడోది నడిమి రకం. ఇప్పుడు కరెంటు చేరిందా లేదా చెప్పు అంటాం. ఒక్కోదానికి పావుగంట నడుస్తాది మిషను. పెద్ద మిషనోళ్ళు వేలకు వేలు ఊహించినారు. నాకు దక్కింది అరవై."

అరవైతో వేలకు సమానమైన జవాబు ఎలా తేవాలన్నదే ఆమె దిగులు. కళ్ళు మూసుకుని అరవై తీస్తే, ఆ రోజు అదృష్టం కొద్దీ నిదానమైనవి అసలు రాకనే పోవచ్చు, లేదా వచ్చినవన్నీ అవే కావచ్చు. అందుకని ఆమె ఒక పద్ధతి పట్టుకుంది. ఒక్కో గేటుకూ అరవై చీటీలు. ఒకటో నంబరు అన్నిటికంటే చురుకు, అరవయ్యోది అన్నిటికంటే నిదానం. గేట్లు చాలానే ఉన్నా ముఖ్యమైనవి మూడు, కాబట్టి మూడు ముంతలు. ఒక్కో ముంతలోంచి ఒక్కో చీటీ తీసి, ఆ మూడూ కలిపి ఒక చిప్పు అనుకోవాలి. అప్పుడు చురుకు నుంచి నిదానం దాకా ప్రతి రకమూ ఒక్కసారి తప్పకుండా వస్తుంది. ఎవరు ఎవరితో కూడతారన్నది మాత్రం అదృష్టానికి వదిలేయాలి. ఇలా కలపడానికి అంకెల పట్టిక ఉన్న పుస్తకం ఒకటి ఉంది కాని, హడావుడిలో దాన్ని హాస్టల్లో మరిచి వచ్చింది. రేపు మిషను ముందు కూర్చునే వేళకు వరస సిద్ధంగా ఉండాలి.

చీటీలు రాయడం అయ్యింది. వాటిని మడిచి ముంతల్లో వేసి కలిపేసరికి బయటి నుంచి కేక వినిపించింది. బోరింగు దగ్గర వీళ్ళ వంతు వచ్చిందట. ఎండలకు నీళ్ళు లోపలికి దిగిపోయాయి. వంతు తప్పితే మళ్ళీ రేపే.

"నేను పోయొస్తా" అని లక్ష్మీదేవమ్మ బిందెలు ఎత్తుకుంది. "పెద్దమ్మా, నీకు అంకెలు తెలుసు కదా. ఆడ చానా సేపవుతాది, నువ్వు తీస్తా ఉండు. తీసినవి మూడు మూడు చేటలో వరసగా పెట్టు. నేను వచ్చి రాసుకుంటా."

"నేనా? నేను తీస్తే చెడిపోదా?"

"ఎవరు తీసినా ఒకటే. చూడకుండా తీయడమే కావాల్సింది."

హొన్నూరమ్మ చేతులు కడుక్కుని, తూర్పు ముఖంగా కూర్చుని, మొదటి ముంతలో చెయ్యి పెట్టింది. పన్నెండు. రెండో దాంట్లోంచి ముప్పై నాలుగు. మూడో దాంట్లోంచి ఎనిమిది. చేటలో పెట్టింది. బాగానే ఉంది. ఆ తరవాత మూడు చీటీలు, ఆ తరవాత మూడు. చదువుకున్న పిల్ల పని తన చేతుల మీదుగా జరుగుతోందని ఆమెకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

అప్పుడు మొదటి ముంతలోంచి యాభై ఆరు వచ్చింది. రెండో దాంట్లోంచి యాభై మూడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. రెండు గేట్లూ నిదానం. మూడోది కూడా అలాంటిదే వస్తే ఈ చిప్పు గతి ఏం కాను? చిప్పు తప్పిపోతే పాప లెక్క తప్పిపోదా? ఆ ఊళ్ళో అమ్మవారి ముందు చీటీ ఎత్తేటప్పుడు ఒక వాడుక ఉంది. మనసుకు రానిది వస్తే కోపగించుకోకుండా దండం పెట్టి, చీటీ లోపలేసి, మళ్ళీ అడుగుతారు. అమ్మవారు కూడా మొదటిసారే ఖచ్చితంగా చెప్పాలని పట్టుబట్టదు. హొన్నూరమ్మ యాభై ఆరునూ యాభై మూడునూ మడిచి ముంతల్లో వేసేసి మళ్ళీ తీసింది. ఇరవై ఒకటి. తొమ్మిది. ప్రాణం కుదుటపడింది.

అప్పటి నుంచి యాభై దాటిన ప్రతి చీటీ లోపలికే వెళ్ళింది. వేళ్ళకు కొత్త ఏమీ కాదు, పొద్దుటి నుంచి చేస్తున్న పనే.

పెద్దక్క కాయలు ఒలుస్తూ ఓరకంట చూస్తోంది. "ఏమ్మే, తీసేదానికన్నా లోపలేసేదే ఎక్కువగా ఉండాదే! మీ పాప అట్లనే చెప్పెనా?"

"గమ్మునుండు. మంచివి ముందు పోనీ."

"మంచివి ముందు పోతే చెడ్డవి యాడికి పోతాయి?"

ఆ ప్రశ్నకు జవాబు ముంతలే చెప్పాయి. చేటలో వరసలు పెరిగే కొద్దీ ముంతల్లో చీటీలు తగ్గాయి. తగ్గే కొద్దీ ఆమె చేతికి తగిలేవన్నీ అవే అయ్యాయి. యాభై ఎనిమిది తీసి లోపలేస్తే యాభై ఒకటి. అది లోపలేస్తే అరవై. ఇక మిగిలినవన్నీ నిదానపు చీటీలే. మూడు ముంతల్లోనూ అవే. వాటిని ఇక ఎక్కడా కలపడానికి లేదు, ఒకదాని పక్కన ఒకటి పెట్టడమే. చివరి పది వరసలూ పెట్టేసరికి ఆమె నుదుట చెమట పట్టింది. పైన పచ్చగా ఉన్న పైరు కింది మడిలో ఒక్కసారిగా ఎండిపోయినట్టుంది ఆ చేట.

"పెద్దక్కా, ఇది తప్పయినట్టుండాది."

పెద్దక్క లేచి వచ్చి చూసింది. ఆమెకు అంకెలు రావు కాని హొన్నూరమ్మ ముఖం చదవడం వచ్చు. "ఏమైంది?"

"ఉండే నిదానమంతా ఒకే తావ కూడుకొనె. పది చిప్పులూ తప్పిపోతాయి. వాటంతట అవి వచ్చుంటే ఇన్ని పోవు. అది తెచ్చే జవాబు ఆ పెద్ద మిషనోళ్ళ జవాబుకు ఆమడ దూరం పోతాది."

"పోతే?"

"పోతే ఏముండాది, హాస్టలు ఖాళీ."

పెద్దక్క మళ్ళీ వచ్చి గంప దగ్గర కూర్చుంది. కాసేపు ఒలిచింది. ఆ తరవాత మెల్లగా అంది. "నేనొక మాట చెప్తా, తిట్టొద్దు. గమ్మున చేట అట్లనే పెట్టు. తొందరలో అది రాసుకొని పోతాది. నువ్వు ఏ పాపమూ ఎరగవు. నెలాఖరుకు నీ పాప నీ ఇంట్లో ఉంటాది. పావగడలో బడి పంతులమ్మ ఉద్యోగమన్నా దొరక్కపోదు. నీ గోడు దినామూ వినేది నేనే కదమ్మే. పక్కన మనిషి లేక నిద్ర రాలేదంటావు, గాలికి తలుపు కదిలితే ఎవరో వచ్చినారని లేచి కూర్చుంటావు. ఇంక ఎంతమందినని సాగనంపుతావు?"

హొన్నూరమ్మ ఆ మాటకు కోపగించుకోలేదు. పెద్దక్క చెప్పింది కొత్త మాట కాదు, తన లోపలి దీపం ఇందాకటి నుంచి చెబుతున్నదే. ఆమె చేటను ఒళ్ళోకి తీసుకుని చూస్తూ కూర్చుంది. తాను చేయాల్సింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. పొద్దున ముద్ద, రాత్రి ముద్ద, ఇద్దరూ కలిసి తినవచ్చు. పిల్లకు ఇరవై నాలుగేళ్ళు నిండాయి. ఆ వయసుకు తన చెల్లెలు వెళ్ళిపోయింది. ఈ పిల్లన్నా ఉండిపోతే...

ఉండిపోతుంది. రోజూ కాయలు ఒలుస్తూ, నేల మీద వేలితో గీతలు గీసుకుంటూ, ఎక్కడ తప్పిందా అని ఆలోచిస్తూ ఉండిపోతుంది. తప్పింది తన తెలివే అనుకుంటుంది.

వాకిట్లో నీళ్ళు తొణికిన చప్పుడయ్యింది. తల మీద ఒక బిందె, చంకన ఒక బిందెతో లక్ష్మీదేవమ్మ గడప దాటింది. "అయిపోయినాయా పెద్దమ్మా? ఏదీ, రాసుకుంటా. చీకటి పడేలోగా—"

హొన్నూరమ్మ చేట ఎత్తి, చీటీలన్నీ నేల మీద కుమ్మరించింది.

లక్ష్మీదేవమ్మ బిందె దించకుండానే నిలబడిపోయింది. "పెద్దమ్మా! ఏం చేస్తివి?"

"చెడిపోయినాయి. మల్లా తీయవల్ల."

"గంట సేపు పట్టుండాది నీకు! ఇప్పుడు మూడు రకాలూ కలిసిపోయె. ఏరుకునేదెప్పుడు, తీసేదెప్పుడు? పొద్దున్నే బస్సు! ఊరికే చెప్పినానా నేను? ఇది నాకు ఆట కాదు!"

"ఆట కాదని తెలిసే కుమ్మరించినా." హొన్నూరమ్మ ముంతల వైపు చూస్తూ చెప్పింది. "నిదానమైనవి వస్తే లోపలేసినా. వచ్చినప్పుడల్లా లోపలేసినా. కడాకు అన్నీ ఒకేసారి వచ్చి మీద పడినాయి."

లక్ష్మీదేవమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బిందెలు దించి, తడిసిన చేతులతో నేల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తుందేమోనని హొన్నూరమ్మ భయపడింది. పిల్ల భుజాలు కదిలాయి. ఏడుపు కాదు, నవ్వు.

"యాలకు లోపలేసినావు పెద్దమ్మా?"

"నీ చిప్పులు తప్పిపోతాయని."

"తప్పిపోయేవి తప్పిపోవల్ల! ఎన్ని తప్పిపోతాయో తెలుసుకునేదానికే కదా ఈ పాట్లు! అవి వచ్చినచోట రానిస్తే ఒకటి ఈడ, ఒకటి ఆడ చెదిరి ఉంటాయి. పక్కన ఏదో ఒక చురుకుది తోడుంటాది. నువ్వు ఒకటొకటీ వెనక్కి నెడితివి. అన్నీ కలిసి వస్తే యా చిప్పు ఆగుతాది?"

"ఇప్పుడు తెలిసె లేవే" అంది హొన్నూరమ్మ. ఎటో చూస్తూ, "రవంత ముందు తెలిసుంటే బాగుండు" అని కూడా అంది. అది చీటీల గురించే అన్నదో కాదో పెద్దక్క అడగలేదు. పెద్దక్క అప్పటికే చీర కొంగు బిగించి, నేల మీది చీటీలు ఏరడం మొదలుపెట్టింది. అదృష్టం కొద్దీ రాసేటప్పుడే ఒక ముంత చీటీలకు పసుపు, ఒక ముంతవాటికి కుంకుమ అంటించి ఉంది. మూడోవి తెల్లవి. అంకెలు రానివాళ్ళు కూడా ఏరవచ్చు.

కరెంటు ఎప్పటిలాగే లేదు. బుడ్డి వెలిగించి ముగ్గురూ కూర్చున్నారు. లక్ష్మీదేవమ్మ రాస్తానంది. పెద్దక్క తాను తీస్తానంది. "వద్దు, పెద్దమ్మే తీయల్ల" అంది పిల్ల.

"ఇంత జరిగినంకనా?"

"ఇప్పుడు నీకన్నా బాగా ఎవురూ తీయలేరు."

హొన్నూరమ్మ తీసింది. నలభై, రెండు, యాభై ఐదు. లోపలేయబోయిన వేలిని తానే కోపంగా చూసి, చీటీని చేటలో పెట్టింది. పదిహేడు, యాభై రెండు, ఆరు. యాభై రెండు పక్కన ఆరు ఉంది కదా, పరవాలేదు. అలా సగం పైన అయ్యాక పసుపు చీటీ యాభై ఏడు వచ్చింది. కుంకుమ చీటీ యాభై తొమ్మిది. తెల్ల ముంతలో చెయ్యి పెట్టి ఆమె కళ్ళు మూసుకుంది. లక్ష్మీదేవమ్మ కావాలనే తల ఎత్తలేదు. బయటికి వచ్చింది అరవై.

"అయ్యో" అంది పెద్దక్క, అంకె తెలియకపోయినా.

హొన్నూరమ్మ చెయ్యి బుడ్డి వెలుగులో కొంచెంసేపు గాలిలోనే ఉండిపోయింది. ఆ తరవాత చీటీని మిగతా రెంటి పక్కన పెట్టి, వేలితో సరిచేసింది. "రాసుకో" అంది.

"రాసుకున్నా."

"ఇది నిలబడదు కదా?"

"నిలబడదు పెద్దమ్మా."

"పాపం."

"పాపమే. కాని ఇది లేకుంటే నేను చెప్పే జవాబు అబద్ధమయిపోతాది."

మిగిలినవి వాటి దోవన అవి వచ్చాయి. తెల్లవారి మొదటి బస్సుకు లక్ష్మీదేవమ్మ కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళింది.

ఆ తరవాత మూడు వారాల దాకా ఏ కబురూ లేదు. వాన ఒకటి పడింది. విత్తనం పడింది. హొన్నూరమ్మకు రోజుకో భయం. జవాబు తప్పిందేమో, తప్పిందని చెప్పుకోలేక పిల్ల ఎక్కడికన్నా పోయిందేమో, బస్సు బోల్తా పడిందేమో. సాళ్ళలో మొలకలు లేచిన రోజున, పొద్దు వాలుతుండగా, లక్ష్మీదేవమ్మ పావగడ నుంచి ఆటోలో దిగి, సంచి ఊపుకుంటూ చేనుకే వచ్చింది. నడక చూసే హొన్నూరమ్మకు సంగతి తెలిసిపోయింది.

"చెప్పు" అంది గట్టు మీద కూలబడి.

"అరవైలో రెండు తప్పినాయి పెద్దమ్మా. అంటే నూటికి మూడో నాలుగో. ఆ పెద్ద మిషనోళ్ళకు నెల దినాలకు నూటికి నాలుగు వచ్చింది. మా మేష్ట్రు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నవ్వినాడు. రెండేండ్లు రాసిచ్చినారు."

హొన్నూరమ్మ పిల్ల తలను దగ్గరికి లాక్కుని, జుట్టులోని దుమ్ము దులుపుతున్నట్టు చాలాసేపు నిమిరింది. కళ్ళు తుడుచుకోవడం కుదిరాక అడిగింది. "మరి ఆ తప్పిపోయిన రెండూ? అట్లాంటి చిప్పుల్ని పారేస్తారా?"

"ఎందుకు పారేస్తారు? నిదానంగా కొట్టుకునే గడియారం పెట్టి, తొందర లేని పనులకు వాడుకుంటారు. ఆడ అవి బాగానే పని చేస్తాయి."

హొన్నూరమ్మ పిల్లను దూరంగా నెట్టి ముఖంలోకి చూసింది. "ఆ మాట అప్పుడే చెప్పుంటే నేను వాటిని లోపలేస్తానా? వాటికీ ఒక తావుండాదని తెలిసుంటే నాకెందుకంత దిగులు? నా పానం తీస్తివి గదే!" అని వీపు మీద ఒకటి వేసింది. లక్ష్మీదేవమ్మ పడీపడీ నవ్వింది.

నవ్వు ఆగాక పిల్ల మట్టిగడ్డను కాలితో నలుపుతూ, "రేపు పొద్దున బస్సుకే పోవల్ల పెద్దమ్మా" అంది.

హొన్నూరమ్మ చేను చివరిదాకా చూసింది. "పో" అనడానికి నోరు తెరిస్తే మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి మాట వచ్చింది. "పో. పోయి బాగా చదువుకో. మల్లా ఎప్పుడొస్తావు, ఎల్లుండికా అటెల్లుండికా అని నేను అడగనులే." లేచి చీర దులుపుకుంది. "పద ఇంటికి. విత్తగా మిగిలిన గింజలుండాయి, వేంచి కట్టిస్తా. మీ మేష్ట్రుకు కూడా రవంత ఎత్తుకోనిపో. ఆ పెద్ద మిషనోళ్ళకు మటుకు ఇంకో దోసెడు ఎక్కువ పెట్టు. నెల దినాలు కూర్చోని లెక్క వేసినారంట, పాపం."